శీనయ్య చెప్పేదాకా

తుపాను రాత్రికి తీరం దాటుతుందని పొద్దుటి నుంచీ చెబుతూనే ఉన్నారు. ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే రోడ్డు పక్కనున్న చిన్న సబ్‌స్టేషన్లో మాత్రం మధ్యాహ్నానికే గాలి తలుపులు బాదుతోంది. కంట్రోల్ రూములో డ్యూటీ శిల్ప ఒక్కదానిదే. ఉదయగిరి పిల్ల. ఆపరేటరుగా చేరి ఏడాది దాటినా ఉద్యోగం ఇంకా కాంట్రాక్టుదే.

ఉన్నట్టుండి వంకపల్లెకు పోయే లైను ట్రిప్పయి కరెంటు ఆగింది. ఎక్కడో తీగన్నా తెగి ఉండాలి, చెట్టన్నా పడి ఉండాలి. లైన్‌మన్ శీనయ్య రెయిన్‌కోటు తొడుక్కుని బండి తీశాడు.

"లైన్ క్లియర్ తీసుకుంటుండా శిల్పా. నేను చెప్పిందాకా బ్రేకర్ ముట్టుకోబాక. ఎవురు చెప్పినా సరే."

"అట్నే శీనన్నా."

లైన్ క్లియర్ తీసుకున్న మనిషి తీగల మీద చేతులు పెడతాడు. పని అయిందని ఆ మనిషే తన నోటితో చెప్పాలి. అప్పటిదాకా ఆ లైనుకు కరెంటు ఇవ్వకూడదు. శిల్ప ఆ లైను బ్రేకర్‌కు వెయ్యొద్దన్న ఎర్రబోర్డు తగిలించి వచ్చి కూర్చుంది.

కాసేపటికి ఫోన్ మోగింది.

"అమ్మాయ్, వంకపల్లె రామనారాయణను. కరెంటు ఎప్పుడొస్తాది?"

ఆ పేరు తెలియనివాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. నిమ్మతోటలు, మాగాణి, మొన్నటిదాకా ఇంట్లోనే సర్పంచి పదవి.

"లైను చూడ్డానికి పోయుండారు సార్. చెప్పలేను."

"మా అమ్మ ఆక్సిజన్ మిషన్ మీద ఉండాది. ఇన్వర్టర్ అప్పుడే కూస్తా ఉండాది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, ఆత్మకూరు దారిలో చింతచెట్టు కూలింది, దాన్ని తీసిందాకా రాలేమంటుండారు. కొంచెం చూడమ్మా."

శిల్ప వెంటనే శీనయ్యకు ఫోన్ చేసింది. మోగింది గానీ ఎత్తలేదు. మళ్లీ చేసేసరికి సిగ్నల్ లేదు. టవర్ పోయింది. ఇక శీనయ్యను అడగడానికీ వీల్లేదు, పై ఆఫీసరును అడగడానికీ వీల్లేదు. కిటికీలోంచి చూస్తే వాన అడ్డంగా కొడుతోంది. రోడ్డవతలి సుబాబుల్ చెట్లు నేలదాకా వంగి లేస్తున్నాయి.

గేటు ముందు బొలేరో ఆగింది. రామనారాయణ తడుస్తూనే లోపలికి వచ్చాడు.

"దారెంబడి చూసుకుంటానే వచ్చినా. స్తంభాలన్నీ నిలబడే ఉండాయి. ఇంకేంది ఆలస్యం? వెయ్యి."

"శీనన్న చెప్పలేదు సార్."

"ఈ గాలిలో ఆయన ఏ కొట్టంలోనో దూరుంటాడు. ఫోన్లు లేవు, ఏం లేవు. ఆయన వచ్చిందాకా మా అమ్మ ఆగతాదా?"

"ఆయన చెయ్యి తీగ మీద ఉందేమో సార్."

"ఉందేమో అంటుండావు. అక్కడ మా అమ్మకు నిజంగానే ఊపిరాడడం లేదు." అతను బ్రేకర్ వైపు రెండడుగులు వేశాడు. శిల్ప లేచి అడ్డంగా నిలబడింది.

"రేపటి నుంచి ఈ సీట్లో నువ్వుండవు, తెలుసా?"

"తెలుసు సార్. మీరు మాత్రం దీన్ని ముట్టుకోవద్దు."

అతను చెయ్యెత్తాడు. కొడతాడేమో అనుకుంది. ఆ చేత్తోనే మొహం తుడుచుకుని గోడకు ఆనుకున్నాడు. "మా అమ్మ కళ్లు తేలేస్తా ఉండాది తల్లీ," అన్నాడు.

శిల్ప తల తిప్పుకుంది. గోడ మీద ట్యూబ్‌లైటు వెలుగుతోంది. పొద్దుటి నుంచీ వెలుగుతూనే ఉంది. పోయింది వంకపల్లె లైనొక్కటే, సబ్‌స్టేషన్‌కు వచ్చే పెద్ద లైను పోలేదు.

"సార్, ఇక్కడ కరెంటుండాది! అవ్వను ఇక్కడికి తీసుకురండి. మిషన్ కూడా తెచ్చేయండి."

"ఈ వానలోనా?"

"మీ ఊరికీ ఇక్కడికీ మధ్య చెట్లేం పడలేదుగా. ఇప్పుడే మీరు వచ్చినారు. పోండి సార్, బిరీన."

బయటివాళ్లను కంట్రోల్ రూములోకి రానివ్వకూడదు. అది కూడా ఆమెకు తెలుసు. బల్లను ప్లగ్గు దగ్గరికి లాగి, తన దుప్పటి మడిచి తలాపున పెట్టింది. బొలేరో తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే నిలబడింది. అటువైపు రోడ్డు మీద శీనయ్య బండి జాడ లేదు.

రామనారాయణ తల్లి వెంకమ్మను టార్పాలిన్ పట్టాలో చుట్టి తెచ్చారు. వెనకసీట్లో కోడలు మధులత ఆమె తలను ఒళ్లో పెట్టుకుని ఉంది. ముసలామె పెదాలు నీలంగా మారాయి. రామనారాయణ ఆమెను ఎత్తి బల్ల మీద పడుకోబెడితే, శిల్ప మిషన్ ప్లగ్గులో పెట్టింది. మిషన్ గుర్రుమంది. మధులత ముక్కుకు గొట్టం సరిచేసింది.

గాలికి పైరేకు ఒకటి లేచి టపటపా కొట్టుకుంది. ట్యూబ్‌లైటు ఒక్కసారి మసకబారింది. ముగ్గురూ తలెత్తారు. మిషన్ చప్పుడు సన్నగిల్లి, మళ్లీ అందుకుంది. మధులత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

వెంకమ్మ పెదాలకు రంగు తిరిగే వేళకు శీనయ్య వచ్చాడు. నడిచి వచ్చాడు. మోకాళ్లదాకా బురద, అరచేతికి గుడ్డ కట్టు.

"బండి వంకలో పోయింది. నేను మిగిలినా," అన్నాడు. "తీగ మడి మధ్యలో తెగి నీళ్లలో పడుండాది. వంకపల్లె హన్నమ్మ బర్రెల్ని తోలుకోని ఆ నీళ్లలోకే దిగింది. కేకేస్తే గాలికి వినపడలా. పోయి రెక్క పట్టుకోని గట్టుకు లాగినా." రామనారాయణ వైపు తిరిగాడు. "మీ బొలేరో ఇటు రావడం కూడా చూసినా సార్. అప్పుడు తీగ చేత పట్టుకోని చుట్టతా ఉండా. చెయ్యూపినా, మీరు చూడలా."

రామనారాయణ బల్ల చివర కూర్చుండిపోయాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి శీనయ్యకు ఇచ్చాడు. శిల్ప వైపు మాత్రం చూడలేకపోయాడు.

పొద్దుగుంకే ముందు జేసీబీ చింతచెట్టును పక్కకు తోసింది. అంబులెన్సు వచ్చింది. స్ట్రెచర్ మీదికి మారుస్తుంటే వెంకమ్మ శిల్ప చెయ్యి పట్టుకుంది.

"ఎవురి పిల్లవే నువ్వు?"

"ఉదయగిరి పిల్లనవ్వా."

"ఈ గాలిలో ఒక్కదానివే ఉంటావా?"

"శీనన్న ఉండాడు."

ఆ రాత్రి పెద్ద లైను కూడా పోయింది. అప్పటికి వెంకమ్మ ఆత్మకూరు ఆస్పత్రిలో ఉంది. వంకపల్లెకు మూడు రోజులు కరెంటు లేదు. టవర్ లేచిన దగ్గర్నుంచి ఊళ్లోవాళ్లు ఫోన్ చేసి శిల్పను తిడుతూనే ఉన్నారు, ఆమె ఓపిగ్గా జవాబు చెబుతూనే ఉంది. రామనారాయణ ఫోన్ మాత్రం రాలేదు. ఆమె ఉద్యోగం గురించి కూడా ఎవరూ ఏమీ అనలేదు.

నాలుగో రోజు శీనయ్య వంకపల్లె స్తంభం దిగి ఫోన్ చేశాడు.

"పనైపోయింది శిల్పా. మనుషులందరూ కిందికి దిగినారు. వెయ్యి."

శిల్ప ఎర్రబోర్డు తీసి బ్రేకర్ వేసింది.