సగం చుట్టు

నేను ఒక గ్యాస్ టర్బైన్‌ని. పేరు విని బెదిరిపోకండి. గ్యాసు మండిస్తే తిరుగుతాను, నేను తిరిగితే కరెంటు పుడుతుంది. అంతకు మించిన విద్య నాకు లేదు. బొగ్గు యంత్రాలు నిద్ర లేవాలంటే ఒకటి రెండు పూటలు పడుతుంది, నేనైతే అరగంటలో లేస్తాను. అందుకే నన్ను ఓడలో తెచ్చి, గోదావరి కాలువ పక్కన ఒక షెడ్డులో కూర్చోబెట్టారు. ఎండాకాలం సాయంత్రాలు ఊళ్లన్నీ ఒక్కసారే ఫ్యాన్లు, ఏసీలు వేసుకునే వేళకి ఆదుకోవడం నా ఉద్యోగం.

నాకొక బలహీనత ఉంది. నా ఇరుసు మహా బరువు. కదపకుండా పడుకోబెడితే తన బరువుకి తానే వంగిపోతుంది. అందుకని నేను ఖాళీగా ఉన్న రోజుల్లో ఆపరేటరు గుబ్బల ఏసోబు రోజూ పొద్దున్నే పొడవాటి ఇనపకర్ర పెట్టి నన్ను సగం చుట్టు తిప్పేవాడు. ఇవాళ పైనున్న వైపు రేపు కిందికి, అంతే. గుర్తుకోసం ఇరుసు మీద సుద్దతో ఒక గీత గీసుకున్నాడు.

మా సరుక్కీ సంత ఉంది. కంప్యూటర్లోనే జరుగుతుంది. రేపు ఏ పావుగంటకి ఎవరు ఎంతకి అమ్ముతారో, ఎవరు ఎంతకి కొంటారో ఇవాళే చెప్పుకుంటారు. ఒక వేసవిలో మా యజమాని, అందరూ పెద్దాయన అంటారు, ఆ సంతలో గొప్ప తెలివి చూపించాడు. నన్ను నడపడానికి యూనిట్‌కి ఆరు రూపాయలయ్యే రోజులవి. ఒంట్లో నలతేమీ లేని నన్ను ‘మరమ్మతులో ఉంది’ అని రాయించాడు. కరెంటు కరువు ముదిరి రేటు పద్దెనిమిదికి చేరాక లేపాడు. నేనూ ఒళ్లు మరిచి తిరిగాను. తిరగడమే తప్ప ఎందుకు తిరుగుతున్నానని అడిగే నోరు నాకేదీ?

జనం దుమ్మెత్తిపోశారు. పోయరా మరి! ఇకమీదట ఎవరూ పది రూపాయలు దాటి అమ్మకూడదని పైనుంచి ఆర్డరొచ్చింది. ఆ రోజు ఏసోబు వదిన మంగాదేవి సంబరపడిపోయి కాజాలు పట్టుకుని షెడ్డుకే వచ్చింది. ఏసోబు భార్యకి అక్క, పక్క ఊళ్లో రెండు రొయ్యల చెరువులు చేసుకునే మనిషి.

“మీ పెద్దాయనకి బాగా అయిందిలే మరిదీ! తినవయ్యా, తిను!” అంది.

ఏసోబు తిన్నాడు. న్యాయమే కదా అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

రెండేళ్లు గడిచేసరికి గ్యాసు ధర పైకెక్కి కూర్చుంది. నన్ను నడపాలంటే పద్నాలుగు. సంతలో ఆర్డరు గీసిన గీత మాత్రం పది దగ్గరే. పద్నాలుగు పెట్టి వండి పదికి వడ్డించడానికి మా పెద్దాయనేం సత్రం నడపడం లేదు కదా. నాకు తాళం పడింది. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదేనేమో. కానీ మా ఇంట్లో ఎలక ఉన్నమాటా నిజమే, దాన్ని నేను కాదనను.

సంపాదన లేని చోట మనుషులు ఎందుకుంటారు? ముందు ఇంజనీర్లు పోయారు, తరవాత ఫిట్టర్లు. ఆఖరికి ఏసోబునీ పొమ్మన్నారు. వెళ్లి ఐసు ఫ్యాక్టరీలో చేరాడు. వెళ్లేముందు వాచ్‌మన్ సింహాద్రికి ఇనపకర్ర అప్పగించి, “రోజూ సగం చుట్టు. మర్చిపోకు” అని మరీమరీ చెప్పాడు.

సింహాద్రి అరవై ఏళ్ల నిష్ఠాపరుడు. ఒక్కరోజు మరవలేదు. స్నానం చేసి వచ్చి, నాకు పసుపు, కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టుకుని మరీ తిప్పేవాడు. మొదటిరోజు సగం తిప్పి ఆగాడు. సుద్దగీత అడుక్కి పోయి కనబడలేదు. అతని మనసొప్పలేదు. ప్రదక్షిణ సగంలో ఆపితే అరిష్టమని పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నమ్మిన మనిషి. చెమటలు కక్కుతూ మిగతా సగం కూడా తిప్పి, గీత మళ్లీ నడినెత్తికి రాగానే తృప్తిగా కూర్చున్నాడు.

అయ్యో సింహాద్రీ! నిండు చుట్టు తిరిగితే కింద ఉన్న వైపు మళ్లీ కిందికే వస్తుంది కదయ్యా! ఎలా చెప్పను? ఏడు నెలలు అంత భక్తిగానూ నన్ను వంచాడు.

వైశాఖంలో ఎండలు మండిపోయాయి. సంతలో పది రూపాయలకి కొంటామనే వాళ్లు బారులు తీరారు, అమ్మేవాళ్లు లేరు. సాయంత్రమైతే ఫీడర్ల వారీగా, అంటే ఒక్కో లైనుకి వంతు వేసి, కోతలు. నాలుగోరోజు మధ్యాహ్నం ఆర్డరొచ్చింది: వారం రోజులపాటు గ్యాసుతో కరెంటు తీసేవాళ్లు తమ ఖర్చుకి తగ్గట్టు అమ్ముకోవచ్చునని. పెద్దాయన కబురు పెడితే ఏసోబు ఐసు ఫ్యాక్టరీ నుంచి పరుగెత్తుకొచ్చాడు. నేను లేస్తే ఆ సాయంత్రం మా చుట్టుపక్కల ఫీడర్లకి కోత ఉండదని సబ్‌స్టేషన్ వాళ్లు మాటిచ్చారు.

ఆ పూట మబ్బు పట్టింది, ఆకు కదలడం లేదు. అలాంటప్పుడు చెరువు నీళ్లలో గాలి చాలదు. రొయ్య బతకాలంటే నీళ్లు చిలికే ఏరేటర్లు ఆగకూడదు. నాలుగు రోజుల్లో రొయ్యల పట్టుబడి, అంటే పట్టి అమ్మడం, పెట్టుకున్న మంగాదేవి ఫోను చేసింది. నాలుగు నెలల పెంపకం ఆ నీళ్లలో ఉంది.

“మరిదీ, కోతేసేశారు! జనరేటరు ఒక చెరువుకే సరిపోతంది. రెండోదాంట్లో రొయ్యలు గట్టుకొచ్చేత్తన్నాయి. నీ మిషను లేత్తాదా, లేదా?”

“లేత్తాది వదినా. అరగంట!”

గ్యాసు వదిలారు. లేచాను. వేగం అందుకుంటుండగానే ఒళ్లంతా వణుకు పట్టింది. వణుకు చూపే ముల్లు ఎర్రగీత దాటడంతో నా అంతట నేనే ఆగిపోయాను. ఏసోబు నా పక్కన కూర్చుని సుద్దగీత వైపు చూశాడు.

“సింహాద్రీ, ఎలా తిప్పావు?”

“ఒక్కపూట మానలేదండి. గీత మళ్లీ పైకొచ్చేదాకా తిప్పేవోణ్ణండి.”

“సగమే కదా తిప్పమన్నాను!”

“సగంలో ఆపేత్తే అరిష్టం కదండి...”

ఏసోబు తిట్టలేదు. ఫోను తీసి, “రెండు రోజులు మెల్లగా తిప్పితే గానీ లేవదు వదినా” అన్నాడు. ఫోనులో చెరువు గట్టు మీది మనుషుల కేకలు వినిపించాయి.

రెండు రోజులకి తిన్నగా అయ్యాను. మిగిలిన నాలుగు రోజులూ బ్రహ్మాండంగా నడిచాను. గడువు తీరింది, గీత మళ్లీ పదికి దిగింది, నాకు మళ్లీ తాళం పడింది.

ఆ మర్నాడు మంగాదేవి వచ్చింది. చచ్చిన రొయ్యల్ని ఎరువుకి తోలించి, మిగిలిన చెరువు పట్టుబడి కూడా ముగించుకుని వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నా ఒంటి మీద చెయ్యి వేసి అడిగింది.

“దీని కరెంటు ఎంత పడతాది మరిదీ?”

“పద్నాలుగు.”

“నేను జనరేటర్లో డీజిలు పోసి ముప్పై రూపాయల కరెంటు వాడాను. అది తప్పన్నోడు లేడు. ఈ పద్నాలుగు నేనిత్తానో లేదో నన్నెవరైనా అడిగారా?” అంది. “కాజాలెట్టింది నేనే కదా” అని కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆ గీత గీయించింది మేమే కదా. పద్దెనిమిదికి అమ్ముడుపోయిన ఒళ్లు నాది.

మూల నిలబడి ఏడుస్తున్న సింహాద్రిని ఏసోబు దగ్గరికి పిలిచాడు. పాత గీత చెరిపి, ఎదురెదురుగా రెండు గీతలు గీశాడు. ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు. “రోజుకొక రంగు పైకి రావాలి. అంతే చూసుకో” అన్నాడు. సింహాద్రి నిండు చుట్టు మానుకోవడానికి తన దేవుడికి క్షమాపణ చెప్పుకుని కర్ర అందుకున్నాడు.

గ్యాసు ధర దిగుతుందో, సంతలో గీత కదులుతుందో నాకు తెలియదు. సింహాద్రి మాత్రం పొద్దున్నే వచ్చి, సగం తిప్పి, ఆపి, దేవుడికి మరోసారి దణ్ణం పెట్టుకుంటాడు. ఇవాళ ఎరుపు పైకి వచ్చింది.