నిగనిగలకు అడ్డంగా కుట్టుమిషను

మా అల్లుడు మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పేవన్నీ విన్నాక ఎవరూ నమ్మరు. నా కూతుర్ని కళ్లలో పెట్టుకుని చూసుకుంటాడు, నా కుట్టుమిషనుకు నూనె వేస్తాడు, నేను తిట్టినా నవ్వుతాడు. అతనితో నాకు పేచీ లేదు. అతని ట్యాంకరుతోనే పేచీ.

పార్కింగు స్థలాలకు నల్లపూత పూయడం మా అల్లుడి పని. ఎండకూ వానకూ వెలిసిపోయి బూడిదరంగుకు తిరిగిన తారునేల మీద, ట్యాంకరులోని చిక్కటి నల్లద్రవాన్ని గొట్టంతో పోసి, పొడవాటి కర్రకు బిగించిన రబ్బరుపట్టీతో లాగుతారు. ఎండాక నేల కొత్త బూటులా మెరుస్తుంది. మేముండే అపార్టుమెంట్ల పార్కింగుకు కూడా ఏటా అతనే పూస్తాడు.

మా సంఘం ప్రెసిడెంటుకు ఆ మెరుపంటే ప్రాణం. నోరు తెరిస్తే "నిగనిగలాడాలండీ, నిగనిగలాడాలి" అంటాడు. అందుకే ఆయనకు నిగనిగ అని పేరు పెట్టాను. నాకు కత్తెరమ్మ అని పేరు పెట్టింది ఆయనే కాబట్టి, చెల్లుకు చెల్లు.

ఇల్లు నాది, కాపురం వాళ్లది. కింది అంతస్తు, గుమ్మం దాటితే పార్కింగే. ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని ఆసుపత్రి వాళ్లకు తెల్లకోట్లు కుడతాను. తెల్లబట్ట ఏదీ దాచుకోదు. కిటికీ తెరిచి ఉంచితే చాలు, దాని మీద సన్నటి నల్లపొడి పడేది. దులిపితే పోదు, రుద్దితే పాకుతుంది, ఇస్త్రీపెట్టె పెడితే బీరువాలో బట్టల మధ్య వేసే కలరా ఉండల వాసన వస్తుంది. మా ఇంట్లో కలరా ఉండలే లేవు.

మనవరాలు పాకడం మొదలుపెట్టాక నా కోపం పెరిగింది. ఎప్పుడు చూసినా దాని మోకాళ్లు నల్లన, అరచేతులు నల్లన, ఆ చేతులేమో ఎప్పుడూ నోట్లోనే.

"ఇల్లు తుడవడం రాకపోతే చెప్పు, నేను తుడుచుకుంటాను," అన్నాను మా అమ్మాయితో.

"పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తుడుస్తున్నానమ్మా. బకెట్టులో నీళ్లు చూడు, కాటుకలా లేవూ? ఎక్కణ్ణుంచి వస్తోందో నాకేం తెలుసు!"

నేను కార్ల టైర్ల మీదికి నెట్టాను. టైర్లు అరిగిన పొడి అనుకున్నాను. ఆ మాట తప్పని తేల్చింది బూట్లమ్మాయి.

పార్కింగులో పల్లంగా ఉన్న మూలన ఒక ఇనుప జల్లెడ ఉంది. వాననీళ్లు అందులో పడి గోడ వెనకున్న కుంటలోకి పోతాయి. నీళ్ల శాఖలో పనిచేసే ఒక అమ్మాయి మోకాళ్ల దాకా బూట్లు వేసుకుని, ఆ కుంటలో బురద సీసాల్లోకి ఎత్తుకుంటూ ఉండేది. ఒకరోజు మా గుమ్మం ముందు కుళాయి దగ్గర బూట్లు కడుగుతుంటే, నీళ్లు వృథా చేస్తోందని అరిచాను. ఆమె సారీ చెప్పి కుళాయి కట్టేసింది. కట్టేశాక నాకే బాధేసి, లోపలికి పిలిచాను.

ఆమె గుమ్మంలోనే ఆగి గాలి ఎగపీల్చింది. "కలరా ఉండల వాసన. కుంట బురదలో కూడా ఇదే వాసనండీ. జల్లెడ నీళ్లు పడే చోట ఒక్క కప్ప కూడా లేదు."

మా నల్లపొడి ఎక్కడిదో తేల్చుకోవడానికి ఆమె చెప్పినట్టే చేశాం. నా పాత కత్తెర మొనతో పార్కింగు నేల గీకి ఆ పొడి ఒక గాజుసీసాలో వేశాం. రోడ్డు అవతల బడి ఆవరణకూ నల్లపూతే ఉంది, అక్కడి పొడి ఇంకో సీసాలో వేశాం. రెండింట్లోనూ పెయింటు వాళ్లు వాడే టర్పెంటు పోసి కలిపి పెట్టాం. కాసేపటికి బడి సీసా డికాషన్‌లా నల్లబడింది. మాది పలుచటి టీ రంగులో, అవతలి వైపు కనిపించేటట్టు ఉంది.

"హమ్మయ్య, మనదే తేటగా ఉంది!" అన్నాను.

"అక్కడే అందరూ పొరపడతారమ్మా. మామూలు రోడ్డుతారయితే టర్పెంటులో కరిగి కాఫీలా అవుతుంది. బొగ్గుతారు సరిగ్గా కరగదు, ఇలా టీ రంగు తేలుతుంది. మీది బొగ్గుతారు. బొగ్గు కాల్చి కోకు తీసే కార్ఖానాల్లో మిగిలే మడ్డి. దాన్నిండా విషమే. పూత అరిగి పొడవుతుంది, వానకు కుంటలో పడుతుంది, గాలికి ఇళ్లలో పడుతుంది. నేలమీద పాకే పిల్లల నోట్లోకి అందరికంటే ఎక్కువ పోతుంది. ఏళ్ల తరబడి పోతే కాన్సర్ భయం ఉంది."

నా ఒళ్లు భగ్గుమంది. మనవరాలు ఆ పక్కనే కూర్చుని బొటనవేలు చీకుతోంది. ఎత్తుకుని దాని చేతులు ఎర్రబడేదాకా కడిగాను. అది ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు. రాత్రి భోజనాల దగ్గర సీసాలు రెండూ అల్లుడి ముందు పెట్టాను.

"అల్లుడు గారూ, మీరు మా పార్కింగుకు పూసేది ఇదేనాండీ?"

మా అమ్మాయి అన్నం కలపడం ఆపేసింది. నేను అల్లుణ్ణి నువ్వు అంటాను. మీరు అన్నానంటే కొంప మునిగినట్టే.

"ఇదే అత్తయ్యా. ప్రెసిడెంటు గారికి ఇదే కావాలి. పెట్రోలు, నూనె కారినా పాడవదు, మెరుపు ఎక్కువ. అయినా ఎండిందంటే అది రాయి. రాయి ఎవరినేం చేస్తుంది?"

"రాయయితే ఏటా ఎందుకు పూస్తున్నారు? పోయినేడు పూసింది ఎక్కడికి పోయింది?"

అతను కంచం పక్కకు నెట్టాడు. "నేను బూట్లు బయటే విప్పుతున్నాను. స్నానం చేశాకే పిల్లను ముట్టుకుంటున్నాను. ఇంకేం చెయ్యమంటారు?" అని లేచి వెళ్లిపోయాడు. ముట్టుకోకుండా జాగ్రత్తపడుతున్నాడంటే ఎందుకో అతనికి తెలుసన్నమాట. ఆ రోజు మొదటిసారి అతనంటే అసహ్యం వేసింది.

ఇంట గెలవలేదు, రచ్చకెక్కాను. సంఘం సమావేశంలో సీసాలు చూపించాను. నిగనిగ మా సీసా తీసుకుని వెలుతురుకు ఎత్తి, "చూశారా, మనది ఎంత శుభ్రంగా ఉందో!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తిరకాసు విప్పి చెప్పబోతే, "మీ బట్టల సంగతి మీరు చూసుకోండి, నేల సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు.

"పైన పటారం, లోన లొటారం! మీ మెరుపు మా పిల్ల నోట్లోకి పోతోందయ్యా!" అని అరిచాను. అయినా పూత వేయాలనే తేల్చారు. ఊరందరిదీ ఒక దారయితే ఉలిపికట్టెది ఒక దారి. ఆ గదిలో ఉలిపికట్టెను నేనే, నాకేం సిగ్గనిపించలేదు.

పూత రోజు పొద్దున్నే కార్లన్నీ బయటికి తీసేసి చుట్టూ తాడు కట్టారు. ఈ పనిలో మొదటి అంకం గాలి ఊదడం. పాత పూత పొడి ఉంటే కొత్త పూత పట్టదు, అందుకని యంత్రం పెట్టి ఉఫ్‌మని ఊదేస్తారు. ఏడాదిపాటు అరిగిన పొడంతా ఒక్కసారి లేచి మా కిటికీల్లోకీ, జల్లెడలోకీ పోతుంది. ఇన్నేళ్లూ నేను చూస్తూ కిటికీ మాత్రం వేసుకున్నాను.

ఈసారి కిటికీ వేయలేదు. నా కుట్టుమిషను ఈడ్చుకుంటూ తాడు కిందనుంచి దూర్చి, పార్కింగు నట్టనడుమ పెట్టాను. కుర్చీ వేసుకుని, తెల్లకోటు చెయ్యి ఒకటి కుట్టడం మొదలుపెట్టాను.

నిగనిగ పరుగెత్తుకొచ్చాడు. "ఏమిటమ్మా ఈ పని?"

"కుట్టుపని. మీరే కదా నా బట్టల సంగతి చూసుకోమన్నారు."

"అల్లుడు గారి పనికి అత్తగారే అడ్డుపడితే ఎలాగండీ! నలుగురూ నవ్వుతారు."

"నవ్వనివ్వండి. నోరు మాత్రం పెద్దగా తెరవొద్దని చెప్పండి, పొడి పోతుంది."

అల్లుడు దూరంగా ట్యాంకరు దగ్గర నిలబడి నేలచూపులు చూస్తున్నాడు. నిగనిగ అతని వైపు తిరిగి, "ఆవిడ చుట్టూ పూసేయండి! తడిపూత మీద రేపటిదాకా ఎవరూ నడవకూడదు కదా, ఆవిడే దిగొస్తుంది," అన్నాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఆయనా మొండివాడే, నేనూ మొండిదాన్నే.

"పూయండి అల్లుడు గారూ," అన్నాను. "రేపటిదాకా ఇక్కడే ఉంటాను. బోలెడు కోట్లున్నాయి."

మా ఇంటివైపు పొడి ఊదారు. మా అమ్మాయి చంటిదాన్ని గుమ్మంలో దించి, కిటికీలు మూయడానికి లోపలికి పరుగెత్తింది. నల్లటి పూత మా గుమ్మం ముందు నాలుగడుగులు వదిలి మొదలై నాకేసి పాకుతూ వస్తోంది. అల్లుడే స్వయంగా లాగుతున్నాడు. నా మొహం వైపు చూడటం లేదు.

అప్పుడు చూశాను. మనవరాలు గుమ్మం దిగింది. నేను కనబడ్డానేమో, ఒక్క నవ్వు నవ్వి పాత నేల మీద గబగబా పాకుతోంది. దానికీ నాకూ మధ్య తడిపూత మెరుస్తోంది. మెరిసేదేదయినా దానికి బొమ్మే.

నాకంటే ముందు అల్లుడు చూశాడు. కర్ర పారేసి పరుగెత్తి దాని ముందు నిలబడ్డాడు. నాన్న వచ్చాడని అది రెండు చేతులూ పైకి చాచింది, ఎత్తుకోమని. అతను ఎత్తుకోలేదు. మోచేతుల దాకా నల్లటి తొడుగులు, కాళ్లకు నల్లటి బూట్లు. తన పిల్లను తానే ముట్టుకోలేక రెండు చేతులూ గాలిలోకి ఎత్తి, దొరికిన దొంగలా నిలబడ్డాడు.

"ఎవరైనా పట్టుకోండి! పూతను ముట్టుకోనివ్వకండి! అత్తయ్యా!"

ఆ గొంతు విన్నాక నా పట్టుదల ఎటుపోయిందో తెలియదు. భుజం మీద వేసుకున్న తెల్లబట్టతోనే లేచి, పూత అంచు చుట్టూ తిరిగి పరుగెత్తి చంటిదాన్ని అందుకున్నాను. దాని వేలు పూతకు జానెడు దూరంలో ఉంది.

"లేచింది! ఆవిడ లేచింది!" అని వెనకనుంచి నిగనిగ కేక. "ఆ మిషను పక్కకు లాగేయండి, తొందరగా!"

పనివాళ్లు ఇద్దరు మిషను వైపు నడిచారు. నేను పిల్లను ఎత్తుకుని ఉన్నాను, ఏమీ చేయలేను.

"ఆ మిషను ముట్టుకున్నవాడు రేపటినుంచి నా బండెక్కడు," అన్నాడు అల్లుడు.

ట్యాంకరు దగ్గరికి వెళ్లి గొట్టం కట్టేశాడు. తొడుగులు ఊడబీకి డ్రమ్ములో పారేశాడు. తిరిగి నా ముందుకొచ్చి, నా భుజం వైపు చూస్తూ ఉండిపోయాడు. మనవరాలు నన్ను గట్టిగా పట్టుకున్న చోట, తెల్లబట్ట మీద రెండు చిన్న అరచేతులు నల్లగా దిగాయి. కొత్త పూత అది ముట్టుకోలేదు.

"పోయినేడు పూసింది ఎక్కడికి పోయిందని అడిగారు కదా అత్తయ్యా," అన్నాడు. ఆ మరకల వైపు వేలు చూపించాడు. మంచివాడని మొదట్లోనే చెప్పాను.

నిగనిగ చేతులు ఊపుతూ వచ్చాడు. "సగంలో ఆపేస్తే ఎలాగయ్యా? అతుకేసినట్టుంది! రేపు ఇంకో ట్యాంకరు పిలిపిస్తాను, జాగ్రత్త!"

"పిలవండి," అన్నాడు అల్లుడు. "ముందు ఈ తడి ఎత్తించాలి, వాన పడిందంటే కుంటలోకి పోతుంది." జల్లెడకు ఇసుకబస్తాలు అడ్డం వేయించి, తడిపూత మీద ఇసుక చల్లించి, గీకి డ్రమ్ముల్లోకి ఎత్తించాడు. గాలియంత్రం మళ్లీ ముట్టనివ్వలేదు. పని అయ్యాక స్నానం చేసి, పిల్లను ఎత్తుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అత్తయ్యా, రేపు మీ పక్కన నాకూ ఒక కుర్చీ వేయండి."

"కుర్చీ ఒక్కటే చాలదు బాబూ," అన్నాను. "సూదిలో దారం ఎక్కించడం నేర్చుకో. ఊరికే కూర్చుంటే పొద్దుపోదు."

మర్నాడు ఆ ట్యాంకరు వచ్చేసరికి నడుమ మేమిద్దరం ఉన్నాం. పక్కనే మా అమ్మాయి ఉంది, మొన్న చప్పట్లు కొట్టిన పైఅంతస్తు ఆవిడ కూడా చంకలో పిల్లాడితో, చేతిలో కుర్చీతో దిగొచ్చింది. తాడు దగ్గర బండి ఆగింది. నడిపేవాడు దిగి మా అల్లుణ్ణి గుర్తుపట్టాడు.

"ఏంటన్నా, నువ్విక్కడ కూర్చున్నావ్?"

అల్లుడు గుండీ కుడుతున్నాడు, వంకరగా. తల ఎత్తకుండానే, "నీ పిల్లలు ఎక్కడ ఆడుకుంటారు?" అని అడిగాడు.

అతను బండి ఇంజను ఆపాడు. నేను మిషను తొక్కడం ఆపలేదు.