షారన్ సంతకం

జెర్సీ సిటీలో బేస్‌మెంట్లు మునిగి, లెవి పాత కారు నీళ్ళలో తేలిపోయిన వరద వచ్చిందే, దాని మరుసటి ఏడాది జరిగిందిది.

షారన్ ఐదింటికే లేచి మూడు అన్నం డబ్బాలు కట్టేది. ఒకటి భర్త లెవికి. ఒకటి ఇండియన్ గ్రోసరీలో కూర్చునే మామగారు ఏసుపాదానికి, ఉప్పు తగ్గించి. మిగిలింది తనకు. తర్వాత రెండు బస్సులు మారి కేర్ హోమ్‌కు వెళ్ళి, ఎనిమిది గంటలు ముసలివాళ్ళకు స్నానాలు చేయించి వచ్చేది. డబ్బా మూత పెట్టేటప్పుడల్లా ఫోన్ చూసుకునేది, ట్యాక్స్ రిఫండ్ పడిందేమోనని. ఐదు వేల ఎనిమిది వందల డాలర్లు. నర్సింగ్ కోర్సులో సీటు వచ్చింది. ఆగస్టు పదిహేనులోగా ఫీజు కట్టాలి.

మార్చిలో డబ్బుకు బదులు ఉత్తరం వచ్చింది. లెవి తన బిడ్డ పోషణకు కట్టక బాకీపడ్డ చైల్డ్ సపోర్ట్ కింద మీ ఇద్దరి రిఫండ్ జమ చేసుకున్నాం అని. షారన్ రెండుసార్లు చదివింది. లెవికి ముందొక పెళ్ళయి విడిపోయిందని తెలుసు. బిడ్డ ఉందని తెలియదు.

ఉత్తరం చూపించి అడిగితే, అత్తగారు జ్ఞానమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తలేదు. "అడిగితే చెప్పేవాళ్ళమే. మీవాళ్ళు అడగలేదుగా."

"బిడ్డ ఉందా అని కూడా అడగాలా అత్తయ్యా?"

"ఆస్తి ఎంతని అడిగారు కదమ్మా. అలాగే ఇదీ అడగాల్సింది."

పిల్ల పేరు బ్యూలా. తొమ్మిదేళ్ళు. తల్లి జెనిఫర్ దగ్గర టెక్సాస్‌లో ఉంటుంది. అంతకుమించి లెవి చెప్పలేదు. ఏసుపాదం అసలే మాట్లాడడు.

చర్చిలో ఆరాధన అయ్యాక అందరికీ ఊరికే ట్యాక్సులు చేసిపెట్టేది సామ్యేలు అంకుల్. ఫిబ్రవరిలో షారన్, "మేం విడివిడిగా ఫైల్ చేయొచ్చా అంకుల్?" అంటే, "దేవుడు కలిపినవాళ్ళు కాగితం మీద విడిపోతారేంటమ్మా?" అని నవ్వి, ఇద్దరికీ కలిపే ఫైల్ చేసినవాడు ఆయనే. ఉత్తరం చూశాక నవ్వలేదు. భర్త పాత బాకీకి భార్య సంపాదన పోతే, ఆమె వాటా ఆమెకిమ్మని అడిగే ఫారం ఒకటుందన్నాడు. నింపి, అలవాటుకొద్దీ లెవి చేతికిచ్చాడు. "సంతకం పెట్టి పోస్ట్ చేసేయ్ బాబూ."

ఆ ఫారం పేరే గాయపడిన భాగస్వామి ఫారం. కారు స్టార్ట్ చేస్తూ లెవి నవ్వాడు. "గాయపడిందంట! నేనేమన్నా కొట్టానా నిన్ను?"

షారన్ కిటికీలోంచి బయటికి చూసింది. కొట్టలేదు, నిజమే. జీతం పడ్డ రోజు ఆమె బ్యాంకు కార్డు తన పర్సులోకి మార్చుకుంటాడు, అంతే. మంచు పడ్డ రోజు కూడా బస్సు స్టాపు దాకా దించలేదు, అంతే. ఇంటికొచ్చిన స్నేహితుల ముందు "దీని జాబ్ ఏముంది రా, ముసలాళ్ళని కడగడమే" అన్నాడు. అందరూ నవ్వుతుంటే ఆమె పకోడీల పళ్ళెం అందరికీ తిప్పింది. ఒక్కసారి కొట్టివుంటే చూపించుకోడానికి ఓ మచ్చయినా ఉండేది కదా అనిపించింది. అలా అనిపించినందుకు తనకే సిగ్గేసింది.

పద్నాలుగు వారాలు పడుతుందన్నారు. ఏప్రిల్ పోయింది, మే పోయింది. "గవర్నమెంట్ కదా, స్లోగానే ఉంటుంది. పేషెన్స్ ఉండాలి," అనేవాడు లెవి. శుక్రవారం కూడికలో షారన్ లేచి, తన రిఫండ్ త్వరగా రావాలని ప్రార్థించమని అందరినీ అడిగింది. అందరూ ప్రార్థించారు. లెవి కూడా కళ్ళు మూసుకుని, ఆమేన్ అన్నాడు.

ఆగస్టు పదకొండున లంచ్ టైములో ట్యాక్స్ ఆఫీసుకు ఫోన్ చేసింది. గంటంపావు సంగీతం విన్నాక ఒకామె పలికింది.

"అలాంటి ఫారం మాకేదీ రాలేదమ్మా."

"మా ఆయన ఏప్రిల్‌లోనే పంపారండీ."

"రాలేదు. మళ్ళీ పంపండి. రిటర్న్ ముందే ఫైల్ అయింది కాబట్టి ఆయన సంతకం అక్కర్లేదు. మీదొక్కటే చాలు."

సాయంత్రం కారు తాళం తీసుకుని కిందికి దిగింది. ముందు సీటు అరలో, పార్కింగ్ టికెట్ల కింద ఉంది కవరు. స్టాంపు అంటించే ఉంది. లోపల సంతకం గడి ఖాళీగా ఉంది.

"పంపితే ఏమవుద్ది?" అన్నాడు లెవి, పైకొచ్చిన ఆమె చేతిలో కవరు చూసి. "నీకు తిరిగిచ్చిందంతా మళ్ళీ నా నెత్తి మీదకే బాకీగా వస్తుంది. అయినా పోయింది ఎవరికి? చిన్నపిల్లకి. నీకు జాలి లేదా?"

"ఉంది," అంది షారన్. "మీ వాటా ఆ పిల్లకే పోవాలి. ఇన్నేళ్ళదీ పోవాలి. నాది నాకు రావాలి."

"పోనీలేమ్మా, చదువు వచ్చే ఏడైనా చదువుకోవచ్చు," అంది జ్ఞానమ్మ.

షారన్ బల్ల మీద కాగితం పరిచింది. నాలుగు రోజుల్లో సీటు పోతుంది. ఇంకో పద్నాలుగు వారాలు. జనవరి బ్యాచ్‌కి మళ్ళీ మొదటినుంచీ అప్లికేషను, పరీక్ష. అన్నీ తెలిసే సంతకం పెట్టింది. ఏసుపాదం గుమ్మంలో నిలబడి చూశాడు. మూడో తరగతితో ఆగిన మనిషి, తన పేరు ఒక్కో అక్షరం దగ్గరా ఆగి ఆగి రాస్తాడు. కోడలి చెయ్యి ఎక్కడా ఆగలేదు.

మర్నాడు పొద్దున్న షారన్ తన ఒక్క డబ్బానే కట్టింది. కవరు సంచిలో పెట్టుకుని వచ్చేసరికి ఏసుపాదం ఫ్రిజ్ దగ్గర ఉన్నాడు. ప్రార్థన పుస్తకంలోంచి ఓ పాత ఫోటో తీసి, ఆమె డ్యూటీ చార్ట్ పక్కన అయస్కాంతం పెట్టి నిలబెట్టాడు. ముందు పళ్ళు రెండు ఊడిన ఆడపిల్ల. లెవి కళ్ళే.

షారన్ కాసేపు చూసింది. బస్సు టైమైంది. తలుపు వేస్తుంటే వెనక నీళ్ళ చప్పుడయింది. ఏసుపాదం నిన్నటి తన డబ్బా తనే కడుక్కుంటున్నాడు.