లోయ అంచున రాళ్ల గట్టు

యాచారం దాటాక గుట్ట మలుపులో, లోయ అంచున ఉన్న రాళ్ల గట్టును ఎవరూ పనిగట్టుకుని కట్టలేదు. ఎడ్లబండ్ల కాలంలో ఎత్తు ఎక్కి వచ్చినవాళ్లు చక్రం వెనక రాయి పెట్టి ఎద్దులను ఊపిరి తీసుకోనిచ్చేవాళ్లు. బయల్దేరేటప్పుడు ఆ రాయిని దారిలో వదలకుండా అంచుకు చేర్చడం ఆనవాయితీ. అలా పోగుపడి మోకాలెత్తు గట్టయింది. బండ్లు పోయి బస్సులొచ్చాయి. తర్వాత శేరిగూడ కాలేజీ పిల్లలు బైకుల మీద వచ్చి, గట్టెక్కి కూర్చుని, కింద వాగునూ వరి మడులనూ ఫొటోలు తీయడం మొదలుపెట్టారు.

టీ అమ్మే ఇస్తారి లెక్క తేలికైనది. నిలబడ్డవాడు ఒక టీ తాగి పోతాడు. కూర్చున్నవాడు రెండోది అడుగుతాడు, మిర్చీలూ తింటాడు. కూర్చోబెట్టేది గట్టు. అందుకే టీకొట్టు దాని పక్కనే పెట్టాడు.

రోడ్డు వెడల్పు చేసే సూపర్‌వైజర్ వచ్చి, గట్టు తీసేసి రెయిలింగ్ పాతుతామన్నాడు. రెయిలింగ్ మీద ఎవడు కూర్చుంటాడు? మర్నాడు పొద్దున్నే ఇస్తారి గట్టులోని పెద్ద రాయికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయలు ఉంచాడు. జేసీబీ డ్రైవర్ దిగి, చెప్పులు విప్పి దండం పెట్టాడు. రెయిలింగ్ ఆ మలుపును వదిలేసి అవతల మొదలైంది.

గట్టు దక్కింది. కానీ ఆ రోజు నుంచి దాని మీద ఒక్కరూ కూర్చోలేదు. దండం పెట్టుకుని, నిలబడే టీ తాగి పోతున్నారు. వారం తిరిగేసరికి ఇస్తారి మిర్చీలకు పిండి కలపడం మానేశాడు.

పక్కన సీతాఫలాలు అమ్మే సుసన్న నవ్వింది. "మైసమ్మను తెచ్చి గిరాకీని ఎల్లగొట్టినవ్ గదా అన్నా."

"నువ్వు చర్చికి పోయేదానివి, నీకేం భయం? జర ఆ బొట్లు తుడువు చెల్లె."

"భయమైతే లేదు. గాని నేను తుడిస్తే ఊరంత లొల్లి అయితది. పెట్టినోనివి నువ్వే తుడువు."

ఇస్తారి తడిగుడ్డ పట్టుకుని వెళ్లాడు. అప్పటికే రాయి ముందు లారీ డ్రైవర్ హన్మంత్ కొబ్బరికాయ కొడుతున్నాడు.

"గుడ్డ దేనికన్నా?"

"దుమ్ము పడ్డది. తుడుద్దామని."

"పైలం, బొట్లు పోతయి. నిన్న ఈ దిగుడుల నాకు బ్రేకులు పట్టలే. ఈ తల్లే కాపాడింది."

ఇస్తారి బొట్లకు తగలకుండా చుట్టూ తుడిచాడు. లారీ వెళ్లిపోయింది, చూసేవాళ్లు లేరు. అయినా చెయ్యి రాలేదు. రేపు ఈ దిగుడులో ఏ బండి బోల్తా పడినా, బొట్లు ఎందుకు తుడిచావని ఊరి కంటే ముందు తన మనసే తనను అడుగుతుంది.

మర్నాడు ఇబ్రహీంపట్నం నుంచి సిమెంటు బల్లలు ట్రాలీ ఆటోలో తెచ్చి రోడ్డుకు రెండో పక్క, గుట్ట వైపు వేశాడు. అక్కడ కూర్చుంటే వాగు కనిపించదు. కాలేజీ పిల్లలు ఇంకో మలుపు వెతుక్కున్నారు. లారీలు మాత్రం ఆగుతున్నాయి. డ్రైవర్లకు మిర్చీలతో కడుపు నిండదని ఇస్తారి పూరీలు మొదలుపెట్టాడు.