మూజువాణి ఓటు

ఎమ్మెల్యే అయ్యాక కూడా ఆమెను అందరూ నర్సమ్మ అనే పిలిచేవారు. పాత పేటలోని ప్రసూతి ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి పనిచేసి, అక్కడి జనం ఓట్లతోనే గెలిచింది. ఇప్పుడు ఆ ఆసుపత్రిని ఊరి బయటికి తరలించి, స్థలం దుకాణాలకు ఇచ్చేయాలని ఆమె పార్టీ ప్రభుత్వమే బిల్లు తెచ్చింది. సొంత పార్టీలోనే చాలామందికి అది మింగుడు పడలేదు. "మేమూ కాదనే అంటాం నర్సమ్మా" అని క్యాంటీన్లో చెవిలో చెప్పారు.

స్పీకరు ఆమెకు సొంత మేనమామ.

"అనుకూలంగా ఉన్నవారు 'అవును' అనండి," అన్నాడాయన. అక్కడక్కడా గొంతులు లేచాయి. "వ్యతిరేకులు 'కాదు' అనండి." ఈసారి సభ దద్దరిల్లింది.

"అవునన్నవారే ఎక్కువ. మూజువాణి ఓటుతో బిల్లు నెగ్గింది," అన్నాడు తలెత్తకుండా.

నర్సమ్మకు ఒళ్ళు మండిపోయింది. "అధ్యక్షా, డివిజన్ కావాలి! ఎవరు ఎటో లేచి నిలబడమనండి. ఒక్కరు అడిగినా తలలు లెక్కపెట్టాలని నియమం ఉంది!"

మైకు ఆగిపోయింది. స్పీకరు తర్వాతి అంశం పిలిచాడు.

భోజన విరామంలో ఆయన గది తలుపు తోసుకుని వెళ్ళింది.

"నీకు చెవుడెప్పుడొచ్చింది మావయ్యా?"

"మెల్లగా! డివిజన్ పెడితే మనవాళ్ళే సగం మంది అటు లేస్తారే. ప్రభుత్వం పరువేం కాను?"

"అంటే తెలిసే చేశావన్నమాట!"

"నువ్వు అడిగినట్టు రికార్డులో లేదు. మైకు పలకలేదుగా."

"నొప్పులొచ్చిన ఆడది ఊరి బయటిదాకా ఆగుతుందా, నీ పరువు కోసం?"

ఆయన గోడ గడియారం చూసి, సభకు బయల్దేరాడు.

సభ మళ్ళీ మొదలయ్యాక ఆమె కూర్చోలేదు. మాటిచ్చిన ఒక్కొక్కరి బల్ల ముందూ ఆగి నిలదీసింది. "అన్నా, అవునన్నావా, కాదన్నావా? నువ్వో, వదినా?" ఒకాయన ఫోనులో తల దూర్చాడు. ఇంకొకామె కొంగు సర్దుకుంది. చివరికి బడిపంతులుగా చేసి వచ్చిన ముసలాయన లేచాడు. "నేను కాదన్నాను." ఆయన్ను చూసి మరికొందరు లేచారు.

"మార్షల్స్!" స్పీకరు గొంతు చీలింది. "ఈ సభ్యురాల్ని సమావేశాలు ముగిసేదాకా సస్పెండ్ చేస్తున్నాను."

ఇద్దరు మార్షల్స్ ఆమె రెక్కలు పట్టుకున్నారు. తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూసింది. లేచినవాళ్ళు ఒక్కొక్కరే కూలబడుతున్నారు. పంతులుగారు మాత్రం కూర్చోలేదు.

సాయంత్రం మేనమామ ఇంటికొచ్చాడు. "అక్కా, నీ కూతురికి కాస్త బుద్ధి చెప్పు. నలుగురిలో నా పరువు తీసేసింది."

తల్లి కూరగాయలు తరగడం ఆపలేదు. "అది అరిచింది నీకు వినబడిందా, లేదా?"

ఆయన నసిగాడు. "వినబడింది."

"ఆ ముక్క ఇక్కడెందుకు? సభలో చెప్పు," అంది నర్సమ్మ.

"అక్కడ చెప్పలేనే తల్లీ."

"అయితే నడు."

ఆయన గడప దాటగానే తలుపు ధడాలున వేసింది.

కొన్ని నెలలకు ఆసుపత్రి మంచాలు లారీలెక్కాయి. నర్సమ్మ గేటుకు అడ్డంగా నిలబడి, ఆ రోజు లేచి మళ్ళీ కూర్చున్నవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే, గొంతు బొంగురుపోయేదాకా అరిచింది.