ట్యాగులు తగిలించిన మేకు

నందిగామ దాటి జగ్గయ్యపేట వైపు వెళ్తుంటే హైవే పక్కన నీలం రేకుల గోడౌను ఒకటి కనిపిస్తుంది. సబ్బులు, బిస్కెట్లు, నూనె ప్యాకెట్లు కంటైనర్లలో అక్కడికి వచ్చి, చిన్న బండ్లలో ఊళ్లకు పోతాయి. రత్తయ్య అందులో సరుకు ఎత్తి దించే ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. అంతకుముందు ఇరవై ఏళ్లు వత్సవాయిలో ట్రాక్టరు నడిపాడు. భార్య పోయాక పొలం పని మానేశాడు. మనుషులతో మాట్లాడటం కూడా చాలావరకు మానేశాడు.

ఆ ఏడాది ఎండలు మొదలవకముందే ఫోర్క్‌లిఫ్ట్ బండ్లన్నిటికీ పెట్టెలు బిగించారు. కార్డు ఆనిస్తేనే బండి కదులుతుంది. ఎంత వేగంతో పోయింది, దేన్ని గుద్దింది, ఎంతసేపు ఊరికే నిలబడింది, డ్రైవరు బెల్టు పెట్టుకున్నాడా లేదా, అన్నీ ఆ పెట్టె రాసుకుంటుంది. సోమవారం పొద్దున్నే సూపర్‌వైజర్ ప్రద్యుమ్న ఒక కాగితం తెచ్చి గోడకు అంటిస్తాడు. డ్రైవర్లు ఐదుగురు. ర్యాంకులు ఐదు.

"డ్రైవర్ లేని బండ్లు రెండు వస్తున్నాయండీ, దసరాకి," అని ప్రద్యుమ్న ఒక సోమవారం చెప్పాడు. విజయవాడ కుర్రాడు, మర్యాదస్తుడు. చెడ్డ మాటను కూడా 'అండీ' చేర్చే చెబుతాడు. "అవొస్తే మనకి ముగ్గురు చాలు. పై మూడు ర్యాంకులు ఉంచుతారు."

రత్తయ్యది నాలుగు.

అతనికి బండి నడపడం చేతకాక కాదు. నాలుగో వరస పక్కన ఏడుగురు ఆడవాళ్లు బల్ల ముందు నిలబడి నలిగిన డబ్బాలు ఏరుతారు, కొత్త స్టిక్కర్లు వేస్తారు. వాళ్ల మెళ్లో అగ్గిపెట్టెంత ట్యాగులుంటాయి. ట్యాగుకు ఐదు మీటర్లలోకి వస్తే చాలు, బండి దానంతటదే మనిషి నడకలోకి దిగిపోతుంది. పెట్టె తెర మీద ఎర్ర దీపం వెలుగుతుంది. నాలుగో వరస రత్తయ్యది. రోజుకు అరవైసార్లు అతని బండి ఆ బల్ల పక్కన దేకుతుంది. దేకిందాన్నంతా పెట్టె రాసుకుంటుంది. ఎందుకు దేకిందో మాత్రం రాసుకోదు.

ఆడవాళ్లకూ ఆ ట్యాగులంటే పడదు. చెమటకు అంటుకుంటాయి, వంగితే డబ్బాలకు తగులుకుంటాయి.

"పశువుల మెళ్లో గంట కట్టినట్టు కట్టారు బాబాయ్," అంది దేవమణి. చందర్లపాడు నుంచి ఆటోలో వస్తుంది. ముప్పై ఐదేళ్లుంటాయి. ఆ ఏడుగురిలో నోరున్నది ఆమెకే. "గంటైతే నయం, కాసేపు మోగి ఊరుకుంటది."

"తీసి పక్కన పెట్టండి," అన్నాడు రత్తయ్య.

"సారు చూస్తే?"

"వచ్చేటప్పుడు వేసుకోండి, వెళ్లేటప్పుడు వేసుకోండి. మధ్యలో ఎవడు చూస్తాడు? నేను చూసుకుంటూనే నడుపుతాగా. నాకు కళ్లు లేవా?"

ఆ మధ్యాహ్నమే ఒక మేకు తెచ్చి, బల్లకు దూరంగా గోడ వారనున్న చెక్కకు కొట్టాడు. ఏడు ట్యాగులూ దానికెక్కాయి. వచ్చే సోమవారానికి రత్తయ్య మూడో ర్యాంకు. ఆ పై వారం రెండు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ట్రాక్టరు నడిపే రోజుల్లో రత్తయ్య వెనక్కి చూడకుండా ఒక్క అడుగు కూడా బండిని వెనక్కి తీయలేదు. మెడ నొప్పి పుట్టేదాకా తిరిగి చూసేవాడు. గోడౌనులో ఆ అలవాటు పోయింది. తెర మీద ఆకుపచ్చ దీపం ఉంటే వెనక ఎవరూ లేనట్టు. ఆ బల్ల దగ్గర పచ్చ దీపం అబద్ధమని అతనికి తెలుసు. ఆ అబద్ధాన్ని చేసిందే అతను. అయినా రోజుకు అరవైసార్లు చూసి చూసి, కన్ను దాన్ని నమ్మడం నేర్చుకుంది.

నాలుగో వారం, భోజనాలయిన కాసేపటికి, నూనె డబ్బాలు దించి బండి వెనక్కి తీశాడు. దీపం పచ్చగా ఉంది. హారన్ కొట్టాడు. కిందకు దొర్లిన టేపు చుట్ట కోసం దేవమణి బల్ల చివర వంగి ఉంది. రోజంతా మోగే హారన్‌కు ఎవరూ తల ఎత్తరు, ఆమె కూడా ఎత్తలేదు. బండి వెనక భాగం పక్కకు తిరిగింది. వెనక చక్రం ఆమె ఎడమ పాదం మీదికెక్కింది.

కేక విన్నాకే రత్తయ్య తల తిప్పాడు.

మర్నాడు ప్రద్యుమ్న అతన్ని గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. చేతిలో కాగితం ఉంది.

"మీ తప్పేం లేదండి రత్తయ్య గారూ. రికార్డు క్లీన్‌గా ఉంది. స్పీడు లిమిట్లోనే ఉంది, బెల్టుంది, హారన్ కొట్టారు. ఐదు మీటర్లలో ట్యాగు లేదు. చూశాను, దేవమణిది మేక్కి తగిలించి ఉంది. మిగతా ఆరుగురూ అప్పుడు బల్ల దగ్గర లేమంటున్నారు."

"దేవమణి ఏమంది?"

"ఉక్కగా ఉందని తనే తీశానని చెప్పింది. ఎవరూ తీయమన్లేదంట."

ప్రద్యుమ్న కాగితాన్ని రత్తయ్య ముందుకు జరిపాడు.

"ట్యాగు తీస్తే కంపెనీకి బాధ్యత ఉండదండి. ఆస్పత్రి ఖర్చు ఆమే పెట్టుకోవాలి. పనిలోకి కూడా తీసుకోరు. మీరు ఇక్కడ సంతకం పెడితే అయిపోద్ది."

కాగితం మీద తెలుగులోనే ఉంది. రత్తయ్య వేలు పెట్టి చదివాడు. 'సదరు కార్మికురాలు ట్యాగు ధరించకుండా వాహనానికి అడ్డు వచ్చినది.'

పదకొండేళ్ల కిందట జగ్గయ్యపేటలో, ఒక పత్తి మిల్లు ఆవరణలో, వెనక్కి వస్తున్న నీళ్ల ట్యాంకరు కింద పడి అతని భార్య చనిపోయింది. ఆ డ్రైవరు కూడా ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. ఆవిడే అడ్డం వచ్చిందన్నాడు. కాదనడానికి ఆమె లేదు. కర్మ నాడు ఆ డ్రైవరు ఇంటికొచ్చి చేతులు కట్టుకుని నిలబడితే రత్తయ్య తలుపు వేసేశాడు. ఈ రోజుకీ ఆ మనిషి పేరు నోటితో పలకడు.

కాగితం ముందు కూర్చుని తనను తాను ఒకటే అడిగాడు. ఆ రోజు వాడు నిజం చెప్పి ఉంటే, వెనక్కి చూడలేదని ఒప్పుకుని ఉంటే, నేను క్షమించేవాణ్ణా? లేదు. అప్పుడూ క్షమించేవాణ్ణి కాదు. నిజం చెప్పినందువల్ల వాడికి ఒరిగేది ఏమీ ఉండేది కాదు. కానీ చూసుకోకుండా అడ్డం పోయిందని ఊరు నా భార్యను అనేది కాదు.

"మేకు కొట్టింది నేను," అన్నాడు.

"ఏంటండీ?"

"ట్యాగులు తీయమంది నేను. నా బండి దేకుతోందని. మేకు తెచ్చి కొట్టింది నేనే. నిన్న వెనక్కి చూడలేదు. దీపం చూశా. రాసుకోండి."

ప్రద్యుమ్న తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఎందుకండీ ఇదంతా? ఎవరూ అడగలేదుగా. మీరు రెండో ర్యాంకులో ఉన్నారు. ఇది పైకి వెళ్తే ఆ రోజే మీ కార్డు ఆపేస్తారు."

"రాసుకోండి సారూ."

"ఎక్కడ రాయనండీ? ఈ ఫారంలో అలాంటి గడి లేదు."

"వెనక ఖాళీగానే ఉందిగా."

ప్రద్యుమ్న పెన్ను తీయలేదు. రత్తయ్యే అందుకున్నాడు. వత్సవాయి బళ్లో ఏడో తరగతిదాకా నేర్చుకున్న అక్షరాలతో, కాగితం వెనక నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టాడు. రాయడానికి పావుగంట పట్టింది.

కార్డు ఆ సాయంత్రమే ఆగిపోయింది. ఆస్పత్రి బాధ్యత గోడౌను ఒప్పుకోవడానికి ఇంకో మూడు రోజులు పట్టింది. పాదం నయమయ్యాక దేవమణిని కూర్చుని చేసే పనిలోకి తీసుకుంటామన్నారు. మిగతా ఆరుగుర్నీ మందలించి వదిలేశారు. ఆ సంగతి తెలిశాకే రత్తయ్య నందిగామ ఆస్పత్రికి వెళ్లాడు.

"పేషెంటుకి మీరేమవుతారు?" అని నర్సు అడిగింది.

"తొక్కించినవాణ్ణి," అన్నాడు.

నర్సు పక్కకు తప్పుకుంది. దేవమణి దిండుకు ఆనుకుని ఉంది. కట్టు మోకాలిదాకా ఉంది.

"నువ్వు చెప్తావనుకోలా బాబాయ్."

"నువ్వెందుకు చెప్పలా?"

"నీమీద ప్రేమనుకున్నావా? డ్రైవరు చెప్తే తీశామంటే, ఏడుగురం తీశామని ఒప్పుకున్నట్టేగా. అందర్నీ పంపించేస్తారనుకున్నా. అందుకే వాళ్లు అప్పుడే ట్యాగులు వేసేసుకున్నారు. ఒక్కదాన్నే తీశానంటే ఒక్కదాన్నే పోతా."

"నాకది తట్టలా."

"నీకు ర్యాంకు తప్ప ఏం తట్టింది?"

అతను తల వంచుకోలేదు. ఆమె మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.

"రెండు వేళ్లు తీసేశారు," అంది. "చెప్పావని ఊరుకుంటాననుకోమాక. నువ్వు చెప్పకముందు ఎంత కోపముందో ఇప్పుడూ అంతే ఉంది."

"ఉండాలి."

"ఇంక ఇక్కడికి రామాక."

"సరేనమ్మా."

వాకిలి దాకా వెళ్లాక ఆమె మళ్లీ పిలిచింది.

"ఆ ఆరుగురూ ఇంకా తీసే పెడుతున్నారంట. మేకు పీకేస్తే డబ్బాల్లో దాస్తున్నారంట. నేను చెప్తే వినరు, మంచంలో ఉన్నదాని మాట ఎవరు వింటారు? నువ్వు చెప్పు."

"నన్ను లోపలికి రానివ్వరు."

"గేటు రోడ్డు మీదేగా ఉంది."

మర్నాడు ఎనిమిదింటికి చందర్లపాడు ఆటో వచ్చి ఆగేసరికి రత్తయ్య గేటు ముందు నిలబడి ఉన్నాడు. వాచ్‌మన్ పొమ్మన్నాడు. పోలేదు. దిగిన ఒక్కొక్కరికీ అదే మాట చెప్పాడు: ట్యాగు మెళ్లోనే ఉంచుకోండి, డ్రైవర్లెవరూ వెనక్కి చూడట్లేదు.

"తీయమందీ నువ్వే, వేసుకోమందీ నువ్వే," అందొకామె, క్యారియర్ చంకకు సర్దుకుంటూ.

"నేనే," అన్నాడు.

ఆమె నవ్వలేదు. లోపలికెళ్లాక ట్యాగు మెళ్లో ఉంచుకుందో లేదో గేటు బయటినుంచి కనిపించలేదు. వత్సవాయి ఆటో వస్తుంటే రత్తయ్య అటు తిరిగాడు.