కొట్టేది నేనేగా

సోమవారం పొద్దున నా హాకీ గోల్‌కీపింగ్ సామాను ఉతుక్కోవడం అలవాటు. మ్యాచ్ సామాను క్లబ్బులోనే ఉంటుంది, మా ఆయనతో ప్రాక్టీసుకు వాడే పాతది మాత్రం ఇంటికొస్తుంది. కాళ్ళకు కట్టుకునే ప్యాడ్లను మా అత్తగారు ఏనుగు కాళ్ళంటారు. "నీ ఏనుగు కాళ్ళు బాల్కనీ అంతా ఆక్రమించాయి, మా వాడి జెర్సీ ఎక్కడ ఆరేస్తావ్?" అని వారం వారం అదే పాట. ఆ జెర్సీ ఉతికేదీ నేనే, ఆయన స్టిక్కుకు టేపు చుట్టేదీ నేనే, మగజట్టు పొరుగూళ్ళకు వెళ్తే వాళ్ళందరికీ తిండి కట్టిచ్చే ఆడవాళ్ళలో ముందుండేదీ నేనే. నా ఆట మాత్రం మా ఆయన దృష్టిలో ఆట కాదు. "నీకేం, నిలబడటమేగా!" అంటాడు.

ఆ సోమవారం చెస్ట్ గార్డును బకెట్లో ముంచబోయి ఆగాను. ఉతకడానికి దాని మీద ఏమీ లేదు. బంతి తగిలిన మరక ఒక్కటీ లేదు. గ్లౌజులదీ అదే కథ, చెమట వాసన కూడా లేదు. మరకలన్నీ ఎక్కడున్నాయో స్నానం చేసేటప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. నల్లబడ్డ బొటనవేలి గోరు, పక్కటెముకల మీద బంతంత గుండ్రటి కమిలిన మచ్చ. ఇవీ అవీ కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు. బకెట్ ముందు గొంతుక్కూర్చుని ఆ రోజు ఆలోచించాను.

ఈ జాతీయ లీగ్ సీజన్‌లో మా క్లబ్బు నుంచి రెండు జట్లు ఆడుతున్నాయి. మగవాళ్ళ మ్యాచులు శనివారం, మావి ఆదివారం. వాళ్ళకు చల్లటి సాయంత్రం మైదానం, మాకు మిట్టమధ్యాహ్నం. వాళ్ళకు బస్సు, మాకు ఎవరి తిప్పలు వాళ్ళవి. అయినా పాయింట్ల పట్టికలో మేం పైకి పాకుతూ వచ్చాం, వాళ్ళు కిందికి జారుతూ వచ్చారు. మా ఆయన వాళ్ళ పెనాల్టీ కార్నర్ వీరుడు. బంతిని స్టిక్కుతో ఈడ్చి విసిరాడంటే గోల్‌కీపర్ రెప్ప వేసేలోపు వలలో ఉండేది. ఈ ఏడాది ఆ బంతులు ఎటెటో పోతున్నాయి. మొదటిసారి ఓడినప్పుడు, "రా, కాసేపు నా ముందు గోల్‌లో నిలబడు. నన్ను చదవగలిగేది నువ్వొక్కదానివే" అన్నాడు. పొంగిపోయాను. పెళ్ళికి ముందూ అంతే, "నా బంతి ఆపిన మొదటి మనిషివి నువ్వే" అన్న ఒక్క మాటకు పడిపోయాను.

ఆ వారం గ్లౌజులు తీసేయమన్నాడు. అవి ఉంటే చేతులకు బద్ధకమట. గోరు చితికితే తనే మందు రాసి, ఊదుతూ, "చూసుకోవద్దూ?" అన్నాడు. నిజమే, చూసుకోవాల్సింది అనుకున్నాను. ఇంకోసారి ఓడాక చెస్ట్ గార్డ్ వద్దన్నాడు. మెల్లగానే కొడతాలే అన్నాడు. వాళ్ళు ఓడినప్పుడల్లా నా ఒంటి మీద ఒకటి తగ్గుతూ వచ్చింది. మొన్న శనివారం మళ్ళీ ఓడారు. ఇక మిగిలినవి ఏనుగు కాళ్ళూ, హెల్మెట్టూ.

వచ్చే ఆదివారం మా ఆఖరి మ్యాచ్. డ్రా చేసుకున్నా కప్పు మాదే. దానికి ముందు రోజు మగవాళ్ళు గెలవకపోతే కింది లీగుకు పోతారు. అత్తగారు కూరగాయలు తరుగుతూ, "ఆదివారం జ్వరమని చెప్పరాదూ? వాడు ఓడి నువ్వు గెలిస్తే ఇంట్లో ఏం బాగుంటుంది?" అన్నారు. నా నల్లబడ్డ గోరు వైపు చూసి కత్తి పక్కన పెట్టారు. "వాళ్ళ నాన్న కూడా ఇంతేనమ్మా" అని గొణిగి మళ్ళీ కత్తి అందుకున్నారు. ఆవిడ ఎడమ చెయ్యి మోచేతి దగ్గర తిన్నగా చాపలేరు. ఎందుకని ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగలేదు.

గోల్‌లో ఉన్నప్పుడు నేను బంతికంటే ముందు భుజాన్ని చూస్తాను. ఎడమ భుజం వెనక్కి లాగాడంటే మా ఆయన బంతిని పైకి లేపబోతున్నట్టు. ఈమధ్య ఇంట్లోనూ ఆ భుజాన్నే చూస్తున్నాను. తలుపు తోసుకుని లోపలికొస్తే చూస్తాను, కంచం ముందు కూర్చుంటే చూస్తాను. దీన్ని కాపురమంటారా, కాపలా అంటారా?

గురువారం సాయంత్రం మైదానంలో మేమిద్దరమే. నేను హెల్మెట్ పట్టీ బిగించుకుంటుంటే పిలిచాడు.

"అది తీసెయ్. నీ కళ్ళు కనబడటం లేదు."

"వద్దండీ, ఆదివారం మ్యాచుంది."

"హెల్మెట్ ఎందుకే? కొట్టేది నేనేగా!"

తీశాను. బకెట్ ముందు అంతా అర్థమైన దాన్ని, ఎందుకు తీశానంటే ఏం చెప్పను? నేనే పొరబడ్డానేమోనని ఆశ. ఆ సంగతి ఆయనే తేల్చాలని మొండితనం. హెల్మెట్‌ను గోల్ స్తంభం పక్కన పెట్టి నిలబడ్డాను. ఆయన వంగాడు. భుజం వెనక్కి పోయింది.

ఆటలోకి వచ్చాక మొదటిసారి, బంతికి ఎదురెళ్ళకుండా పక్కకు దూకాను. సరిగ్గా నా మొహం ఉన్న ఎత్తులో వల ఉబ్బి, ఊగి, ఆగింది.

"గోల్‌కీపర్ పారిపోవడం ఇదే చూడటం!" పగలబడి నవ్వాడు. "భయపడ్డావా? తగలనిస్తానా నీకు?"

హెల్మెట్‌ను చంకలో ఇరికించుకుని, బంతి తీసుకుని ఆయన దగ్గరికి నడిచాను.

"ఈసారి మీరు నిలబడండి. నేను కొడతాను."

"నువ్వా? నువ్వు కొడితే బంతి గోల్‌దాకా వస్తుందా?" అని నవ్వుతూనే స్టిక్కు నా చేతికిచ్చి వెళ్ళాడు. ఆ మాటలో అబద్ధం లేదు. జీవితమంతా ఆపడమే నేర్చుకున్నాను, కొట్టడం నాకు రాదు. ఆయన స్తంభాల మధ్య నిలబడి, అటూ ఇటూ చూసుకుని, మోకాళ్ళు వంచి, ఏదో గుర్తొచ్చినట్టు నా వైపు చెయ్యి చాపాడు.

"ఉండుండు. ముందు ఆ హెల్మెట్ ఇలా పడెయ్."

ఏమడిగాడో ఆయనకు తెలియలేదు. చెయ్యి చాపి అలాగే ఉన్నాడు. నేను స్టిక్కు కింద పెట్టి, హెల్మెట్ తలకు పెట్టుకుని, పట్టీ బిగించుకున్నాను.

"ఎక్కడికే? ఏయ్, నిన్నే!"

ఏనుగు కాళ్ళు గేటు దగ్గర విప్పి పడేశాను. మా కెప్టెన్ ఇల్లు ఊరికి అవతలి చివర. బస్సులో జనమంతా నన్ను వింతగా చూశారు, ఒకావిడ నవ్వింది కూడా. కెప్టెన్ ఇంటి తలుపు తెరుచుకునేదాకా నేను హెల్మెట్ తియ్యలేదు.